రెగ్యులేటరు కొనకు, ముందు అతుకులు చూడు

చిరంజీవి మేనల్లుడికి,

నరసాపురం నుంచి మామయ్య ఆశీస్సులు. ఫోనులో చెబితే సగం మరచిపోతావు. బండి పక్కన పెట్టుకుని చదువుకోవడానికి వీలుగా ఉంటుందని రాస్తున్నాను.

నాలుగేళ్లుగా కొట్టంలో ఉన్న బావగారి బుల్లెట్టును నువ్వు బయటికి తీశావని మీ అమ్మ చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. కొత్త బ్యాటరీ వేసినా రెండు రోజులకే డీలా పడుతోందన్నావు. రెగ్యులేటరు పోయింది, మార్చేయమని మెకానిక్కు అంటున్నాడన్నావు. అప్పుడే మార్చకు. ముప్పై ఏళ్లు సెల్ఫ్, డైనమో పని చేసినవాణ్ని. నా కొట్టుకు వచ్చిన ఛార్జింగ్ జబ్బుల్లో ఎక్కువ భాగం సామానులో లేవు, అతుకుల్లో ఉన్నాయి. మన గాలే అలాంటిది. ఒక పక్క సముద్రపు ఉప్పు, ఇంకో పక్క కాలవల తేమ. వాటికి తోడు ఇప్పుడు ఊరూరా రొయ్యల చెరువులు. ఇక్కడ రాగి ఊరికే ఉండదు, చిలుము పడుతుంది.

ముందు కరెంటు ఏ దారిన వస్తుందో తెలుసుకో. ఇంజను ఎడమవైపు, ప్రైమరీ చైన్‌కేసు అనే చైను డబ్బా లోపల, క్రాంకు చివర అయస్కాంతాల రోటరు తిరుగుతుంది. దాని చుట్టూ ఉన్న స్టేటరులో ఏసీ కరెంటు పుడుతుంది. అది రెగ్యులేటరులోకి వెళ్లి, డీసీగా మారి బ్యాటరీకి చేరుతుంది. నీది పాయింట్ల బండి, అంటే తెరుచుకుంటూ మూసుకుంటూ ప్లగ్గుకు కరెంటు పంపే చిన్న స్విచ్చు ఉన్నది కాబట్టి ప్లగ్గులో నిప్పురవ్వ కూడా బ్యాటరీ పుణ్యమే. హెడ్‌లైటు బాగా వెలుగుతోంది కదా అని ధైర్యపడకు. మన పాత బుల్లెట్లలో చాలావాటికి ఆ లైటు కరెంటు ఆల్టర్నేటరు (ఆ రోటరు, స్టేటరు జంటే) నుంచి నేరుగా వెళుతుంది. లైటు దేదీప్యమానంగా ఉండి, బ్యాటరీకి చుక్క కరెంటు అందని బళ్లు ఎన్నో చూశాను.

మీ నాన్న కిక్కు కొట్టే ముందు ఎప్పుడూ స్పీడోమీటరు పక్కనున్న, కరెంటు రాకపోకలు చూపే చిన్న ఎమ్మీటరు వైపు చూసేవారు, గుర్తుందా? నువ్వూ చూడు. తాళం తిప్పి, ఇంజను ఒత్తిడి వదిలే డీకంప్రెసరు మీట పట్టుకుని, కిక్కును చేత్తో మెల్లగా నొక్కు. పాయింట్లు మూసుకున్నప్పుడు ముల్లు ఎడమవైపు వాలుతుంది, తెరుచుకోగానే నడిమికి వచ్చేస్తుంది. అలా కదిలితే బ్యాటరీ నుంచి పాయింట్ల దాకా దారి బాగుందన్నమాట. కదలకపోతే ఎమ్మీటరు వెనక నట్లు చూడు. బ్యాటరీ కరెంటంతా ఆ రెండు నట్ల మీదుగానే పోతుంది, అవి వదులైతే అక్కడే వేడెక్కి నల్లబడతాయి.

ఇక వోల్టులు కొలిచే మల్టీమీటరు తీసుకో. బ్యాటరీని రాత్రంతా ఛార్జరుకు పెట్టి, తీసి, కొన్ని గంటలు ఊరికే ఉంచి కొలువు. 12.6 వోల్టులు ఉండాలి. మర్నాటికి 12కు జారిపోతే కొత్తదైనా అది పనికిరాదు, కొట్టువాడికి తిరిగి ఇచ్చెయ్. నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. తాగే నీళ్ల టిన్నులోవి పోసేవాళ్లున్నారు, వాటిలోని లవణాలు ప్లేట్లను తినేస్తాయి.

తరువాత ఇంజను నడుస్తుండగా, ఎక్సలేటరు కాస్త గట్టిగా పట్టి, బ్యాటరీ కొసల మీదే కొలువు. 13.8 నుంచి 14.5 దాకా వస్తే ఛార్జింగ్ బాగున్నట్టే. 13 కూడా దాటకపోతే అందడం లేదు. 15 దాటుతోందంటే అప్పుడు మాత్రం రెగ్యులేటరును అనుమానించు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి ఛార్జింగ్ చూసేవాళ్లుంటారు. నీ బండి మీద ఆ పని ఎవరినీ చెయ్యనివ్వకు. ఆ ఒక్క క్షణంలో వోల్టేజి పైకి లేచి, బాగున్న రెగ్యులేటరును నిజంగానే చంపేయొచ్చు.

అందడం లేదని తేలితే ముందు ఎర్తు, అంటే బ్యాటరీ నెగటివ్ వైరు బండి ఇనుముకు కలిసే అతుకు, చూడు. ఇంజను నడుస్తుండగానే మీటరు ఒక కొసను బ్యాటరీ నెగటివ్ మీద, రెండోదాన్ని ఇంజను బోల్టు మీద పెట్టు. 0.2 వోల్టుకు మించి చూపిస్తే ఎర్తు సరిగా లేదు. ఎర్తు వైరు నట్టు విప్పి, కింద రంగుంటే ఇనుము మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, బిగించి, పైన కాస్త గ్రీజు రాయి. రెగ్యులేటరు బిగించిన చోటా ఇంతే. బండికి కొత్తగా రంగు వేయించారంటే ఎర్తు ఉండదనే అనుకో.

తరువాత అతుకులు. నా సొంత బండి సంగతి చెబుతాను. ఒక వానాకాలం సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు దిగి, గట్టెక్కగానే ఆగిపోయింది. అంతకు నెల ముందే బ్యాటరీ మార్చాను, పదిహేను రోజుల ముందు రెగ్యులేటరు మార్చాను. ఎలాగో ఇల్లు చేరి, రాత్రి వసారాలో మీటరు తగిలించి, ట్యాంకు కింద వైర్లను ఒక్కొక్కటే వేళ్లతో నొక్కుతూ వచ్చాను. ఒకచోట బొటనవేలు ఆనగానే 12.1 ఉన్న అంకె 13.9కు గెంతింది. వేలు తీస్తే మళ్లీ 12.1. కనెక్టరు పైకి శుభ్రంగానే ఉంది. విప్పితే లోపల పచ్చటి పొడి రాలింది, రబ్బరు తొడుగు కింద జానెడు దాకా రాగి నల్లగా ఉంది. అంతమేరా కోసేసి, మెరిసే రాగి దగ్గర టంకం పెట్టి అతికాను. తరువాత ఆ బండి ఛార్జింగుకు మళ్లీ చెయ్యి పెట్టలేదు. నువ్వూ అలాగే నొక్కి చూడు. తొందరపడకు, ఒక పూటంతా పట్టినా పట్టనీ. కొట్టంలో ఊకబస్తాలు ఉన్నాయి కాబట్టి సీటు కింద ఎలుకలు కొరికాయేమో కూడా చూడు.

అక్కడా ఏమీ కనబడకపోతే స్టేటరు వైర్లను విడదీసి చూడు. ఇంజను ఆపి, ఒక్కో వైరుకూ ఇంజనుకూ మధ్య మీటరు పెడితే ఏ దారీ చూపకూడదు. చూపిందంటే లోపల ఎక్కడో ఒరుసుకుని తగులుతోంది. ఇంజను నడిపి ఛార్జింగుకు వెళ్లే వైర్ల జంట మధ్య ఏసీ కొలిస్తే, ఎక్సలేటరుతో పాటు అంకె సాఫీగా పెరగాలి. అది పెరుగుతూ, అతుకులు, ఎర్తు బాగుండి, బ్యాటరీకి మాత్రం రాకపోతే, అప్పుడు రెగ్యులేటరు కొను. నేనే వద్దనను.

ఏసీ పెరగకపోతే చైన్‌కేసు విప్పాలి. అది ఒక్కడివే పెట్టుకోకు. లోపల ఆయిలు ఉంటుంది, కింద పళ్లెం పెట్టుకోవాలి. వైరు చైనుకు ఒరుసుకుందేమో, రోటరు మీద గీరుకున్న మెరుపు ఉందేమో చూడాలి. రోటరుకూ స్టేటరుకూ మధ్య చుట్టూరా కనీసం 0.2 మిల్లీమీటర్ల సందు సమానంగా ఉండాలి. ఆ సందు కొలిచే ఫీలరు గేజు నా దగ్గర ఉంది. అంతదాకా వస్తే ముందురోజు ఫోను చెయ్యి, పొద్దున మొదటి పంటుకు రేవు దాటి వచ్చేస్తాను.

ఇట్లు
మీ మామయ్య