సరస్సు ఒడ్డున ప్రశాంతత సరే, ఆ జ్వరం సంగతేమిటి?

ప్రశ్న: నా వయసు 26. మాది కరీంనగర్. నాలుగు నెలలుగా ఆఫ్రికా దేశమైన మలావిలో కేప్ మెక్లియర్‌ దగ్గర ఒక బడిలో వాలంటీరుగా పాఠాలు చెబుతున్నాను. ఆదివారం ఒక్కటే సెలవు. ఆ రోజు కూడా పిల్లలు ఇంటికొచ్చేస్తారు, పొమ్మనాలంటే మనసొప్పదు. అందుకే రెండు నెలలుగా ఆదివారం పొద్దున్నే మలావి సరస్సుకు వెళ్లి ఈత కొడుతున్నాను. కాళ్లు కాస్త దురద పెడతాయి గానీ అక్కడున్నంతసేపూ హాయిగా ఉంటుంది. రాత్రయితే మళ్లీ గుండె దడ, పిచ్చి కలలు, నిద్ర పట్టదు. ఆ ఒక్క రోజైనా ప్రశాంతంగా గడవాలంటే ఏం చేయాలి? నిద్ర మాత్ర వేసుకోవచ్చా? (మలేరియా రాకుండా ఇచ్చిన దోమల మాత్ర వారానికొకటి వేసుకుంటున్నాను. పోయిన నెల మూడు రోజులు జ్వరమొస్తే అమ్మ పెట్టిన మందుల డబ్బాలోంచి డోలో, అజిత్రోమైసిన్, క్లోరోక్విన్ వేసుకున్నాను. తగ్గిపోయింది.)
– ఒక పాఠకురాలు, మలావి

జవాబు: మీరు అడిగింది ఆదివారం గురించి. నేను ఆగిపోయింది మాత్రం మీరు బ్రాకెట్లో పెట్టి వదిలేసిన ముక్క దగ్గర.

మలావిలో జ్వరం వస్తే, వేరే కారణం తేలేదాకా అది మలేరియానే అనుకోవాలి. అక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం రకం. మన ఏజెన్సీ ప్రాంతాల్లో మన్యం జ్వరమని భయపడేది ఎక్కువగా దీన్నే. పరీక్ష లేకుండా ఒకటి రెండు రోజులు గడిచినా మెదడుకో కిడ్నీలకో ఎక్కవచ్చు. మీరు మూడు రోజులు గదిలోనే ఉన్నారు. అదృష్టం బాగుంది, అంతే. వేలికొన గుచ్చి పావుగంట, ఇరవై నిమిషాల్లో చెప్పే పరీక్ష అక్కడి హెల్త్ సెంటర్లలో సాధారణంగా దొరుకుతుంది. జ్వరం వచ్చిన రోజే వెళ్లాలి.

ఇక అమ్మ పెట్టిన డబ్బా. అమ్మను తప్పుపట్టడం లేదు, మా ఇంట్లోనూ అలాంటి డబ్బా ఉంది. కానీ క్లోరోక్విన్‌ను మలావి 1993లోనే పక్కన పెట్టేసింది. ఇప్పుడు అక్కడ ఫాల్సిపారానికి మొదట ఇచ్చేది ఆర్టెమెథర్, లూమిఫాంట్రిన్ కలిపిన మాత్రలు. అరకొర మందుతో జ్వరం తగ్గినా క్రిమి రక్తంలో మిగిలిపోవచ్చు. డోలో వేడిని దించుతుంది, దానితోపాటు మీ అనుమానాన్ని కూడా దించేస్తుంది. నా దగ్గరికి ఆలస్యంగా వచ్చే జ్వరాల్లో చాలావాటి కథ ఇదే, ‘మాత్ర వేసుకుంటే తగ్గింది సార్’ అనే మొదలవుతుంది.

ఇంకో చిక్కుంది. వారానికొకటి వేసుకునే మాత్ర అంటే నాకు తోచేది మెఫ్లోక్విన్. స్ట్రిప్ వెనక పేరు చూడండి. అదే అయితే మీ దడ, పిచ్చి కలలు, నిద్రలేమికి ఒంటరితనమో పని భారమో కాక ఆ మాత్రే కారణం కావచ్చు. కొందరిలో అది ఆందోళన, దిగులు, కళ్లు తిరగడం తెస్తుంది. గతంలో డిప్రెషన్ ఉన్నవాళ్లకు అసలు ఇవ్వరు. మీకు ఇచ్చేముందు ఆ మాట ఎవరైనా అడిగారా? పైగా మెఫ్లోక్విన్ మీద క్లోరోక్విన్ వేసుకుంటే ఫిట్స్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. మిమ్మల్ని చూడకుండా ఇదేనని తేల్చి చెప్పలేను. కానీ తర్వాతి మాత్ర వేసుకునే రోజు రాకముందే అక్కడి డాక్టర్‌ను కలవండి. రోజూ వేసుకునే డాక్సీసైక్లిన్ లాంటిదానికి మార్చే వీలుంటుంది. మాత్ర మార్చుకోవాలి గానీ, ఏదీ వేసుకోకుండా ఉండకూడదు. చనిపోవాలనే ఆలోచనగానీ, లేనివి కనబడటంగానీ ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. నిద్ర మాత్ర వద్దు. కారణం తెలియకుండా దాన్ని కప్పిపెట్టడమే అవుతుంది.

ఇప్పుడు ఈత. మానేరులో దిగినట్టు మలావి సరస్సులో దిగకూడదమ్మా. ఒడ్డున ఉండే నత్తల నుంచి బిల్‌హార్జియా అనే జబ్బు తెచ్చే పురుగు పిల్లలు నీళ్లలోకి వస్తాయి, నిమిషాల్లో చర్మంలోంచి లోపలికి దూరిపోతాయి. మీ కాళ్ల దురద అదే కావచ్చు. పోయిన నెల జ్వరం కూడా దాని తొలి దశే అయ్యుండొచ్చు, ఈత మొదలుపెట్టిన మూడు నుంచి ఎనిమిది వారాల్లో అలా వస్తుంది. మన దగ్గర ఈ జబ్బు దాదాపు లేదు కాబట్టి మీరు సెలవుకొచ్చి కరీంనగర్‌లో చూపించుకుంటే డాక్టర్‌కు తట్టకపోవచ్చు. ‘మలావి సరస్సులో ఈత కొట్టాను’ అని మీరే చెప్పాలి.

ప్రాజిక్వాంటెల్ అనే మందుంది, బాగానే పనిచేస్తుంది. అయితే అది ఎదిగిన పురుగుల్నే చంపుతుంది. అందుకే చివరిసారి నీళ్లలో దిగాక 6 నుంచి 8 వారాలు ఆగి పరీక్షలు, మందు. అంటే ఈత ఆపితేగానీ లెక్క మొదలు కాదు. మూత్రం పరీక్షకు మధ్యాహ్నం ఇచ్చిన శాంపిల్ మేలు. మూత్రంలో రక్తం కనిపిస్తే మాత్రం ఆగకుండా వెళ్లండి. స్నానానికి సరస్సు నీళ్లే వాడుతుంటే కాచండి, లేదా రెండు రోజులు నిలవ ఉంచి వాడండి.

అయ్యో, ఆదివారం సంగతి. సరస్సుకు వెళ్లండి, ఒడ్డున చెట్టు నీడన కూర్చోండి, పుస్తకం తీసుకెళ్లండి, నీళ్లలో మాత్రం కాలు పెట్టకండి. సూర్యాస్తమయం దాకా ఉంటే నిండు చేతుల చొక్కా వేసుకోండి, మలేరియా దోమ ఎక్కువగా కుట్టేది సందె చీకటి నుంచి తెల్లవారేదాకా. పిల్లల్ని పొమ్మనలేకపోతే ఆ మాట మిమ్మల్ని పంపిన సంస్థవాళ్లతో చెప్పించండి. వారానికొక సెలవు అడగడానికి సిగ్గెందుకు?

మెఫ్లోక్విన్ ఒంట్లోంచి పోవడానికి వారాలు పడుతుంది, కాబట్టి మందు మార్చిన మర్నాడే నిద్ర రాలేదని బెంగపడకండి. మళ్లీ రాస్తే మాత్రల పేర్లు, మోతాదు, తేదీలు ముందు రాయండి. ఈసారి బ్రాకెట్లో వద్దు.