మతిమరుపు సంగతి తర్వాత... ముందు షుగర్ మాత్ర ఎందుకు ఆపారు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 54. ఖమ్మంలో కిరాణా షాపు నడుపుతాను. ఈ మధ్య మతిమరుపు ఎక్కువైంది. మా ఆవిడ ఫోన్ నంబరు కూడా నోటికి రావడం లేదు. షాపులో లెక్కలు రెండుసార్లు తప్పాను. అన్నిటికీ ఫోన్ మీదే ఆధారపడటం వల్ల మెదడు మొద్దుబారుతోందా? నెట్‌లో వెతికితే అల్జీమర్స్ అని వస్తోంది, చాలా టెన్షన్‌గా ఉంది. జ్ఞాపకశక్తికి మంచి మాత్ర ఏదైనా చెప్పండి. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్ వల్ల కిడ్నీలు పోతాయని చాలా వీడియోల్లో చూసి రెండు నెలల కిందట మానేశాను. పొద్దున్నే కాకరకాయ రసం, మెంతుల నీళ్లు తాగుతున్నాను. మేము శాకాహారులం. రాత్రిళ్లు అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి.

సమాధానం: మీ ఉత్తరం నిండా మతిమరుపే ఉంది. షుగర్ మాత్ర మానేసిన సంగతి మాత్రం చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. నేను అక్కడే ఆగిపోయాను. తొమ్మిదేళ్ల షుగర్, రెండు నెలలుగా మందు లేదు, పైగా అరికాళ్ల తిమ్మిర్లు. ఇంత చదివాక జ్ఞాపకశక్తి మాత్ర రాయడానికి నాకు చేయి రావడం లేదు.

మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో కొందరికి విటమిన్ బి12 తగ్గుతుంది. మాంసం, చేపలు, గుడ్లు తినని వారికి అది పాలు, పెరుగు నుంచి తప్ప పెద్దగా అందదు కాబట్టి మీకు ఆ అవకాశం ఇంకాస్త ఎక్కువ. బి12 లోపిస్తే అరికాళ్లలో తిమ్మిర్లు, నీరసం, మతిమరుపు రావచ్చు. షుగర్ అదుపు తప్పినా పాదాల నరాలు దెబ్బతింటాయి. మీ విషయంలో ఏది ఎంతన్నది మిమ్మల్ని చూడకుండా చెప్పలేను, రెండూ ఉండవచ్చు. థైరాయిడ్, సరిపడా నిద్ర లేకపోవడం, డిప్రెషన్ కూడా మతిమరుపు తెస్తాయి. బి12 తక్కువగా ఉందని తేలితే దానికి మందు ఉంది. దానికోసం షుగర్ మాత్ర ఆపాల్సిన పని సాధారణంగా ఉండదు. కానీ ఆలస్యం చేస్తే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా పూడకపోవచ్చు.

ఇక కిడ్నీల మాట. మెట్‌ఫార్మిన్ కిడ్నీలను పాడుచేయదు. అదుపులో లేని షుగర్, బీపీ పాడుచేస్తాయి. కిడ్నీల పనితీరు బాగా తగ్గిపోయిన వారికి మేము ఈ మాత్ర తగ్గిస్తాం, లేదా ఆపేస్తాం, ఎందుకంటే మందు ఒంట్లో పేరుకుపోతుంది. చూసేవాళ్లకు ఏమనిపిస్తుంది? 'కిడ్నీ పోయింది, డాక్టరు మాత్ర ఆపేశాడు, అంటే మాత్ర వల్లే పోయింది' అనుకుంటారు. కారణం, ఫలితం తారుమారయ్యాయి. ఈ పొరపాటే వీడియోగా మారి మీ షాపు కౌంటర్ దాకా వచ్చింది.

ఫోన్ గురించి అడిగారు కాబట్టి చెబుతాను. నంబర్లు గుర్తుండకపోవడాన్ని జబ్బు అనలేం. 2011లో బెట్సీ స్పారో అనే మానసిక శాస్త్రవేత్త బృందం 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించింది. కంప్యూటర్‌లో భద్రంగా ఉంటుందనుకున్న విషయాన్ని మనుషులు తక్కువగా గుర్తుపెట్టుకున్నారు. మీ ఆవిడ నంబరు మీరు వేలితో నొక్కి ఎన్నేళ్లయిందో ఒకసారి ఆలోచించండి. లెక్కలు తప్పడం మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. తెలిసిన దారి తప్పడం, అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం లాంటివి ఉన్నాయేమో ఇంట్లోవాళ్లను అడగండి. ఇది మీకంటే వాళ్లకే బాగా తెలుస్తుంది.

ఫోన్ విషయంలో నన్ను నిజంగా భయపెట్టేది వేరే ఉంది. 2015లో యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు గమనించిందేమిటంటే, నెట్‌లో వెతికి చదివినవాళ్లు తాము వెతకని విషయాల్లో కూడా తమకు ఎక్కువ తెలుసనుకున్నారు. ఫోన్‌లో ఉన్నది తలలో ఉన్నట్టు అనిపిస్తుంది. పైగా ఒకే మాట పదిసార్లు వింటే అది నిజమే అనిపించడం మనిషి స్వభావం. మీరు ఒక వీడియో చివరిదాకా చూస్తే ఫోన్ అలాంటివే ఇంకో నాలుగు తెచ్చి పెడుతుంది. 'చాలా వీడియోల్లో' చూశానన్నారు. అవి పదిమంది డాక్టర్లు విడివిడిగా చెప్పిన మాటలు అనుకోకండి, ఒకే మాట పది గొంతుల్లో తిరుగుతుండవచ్చు. వాళ్లలో ఒక్కరైనా మీ క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్త పరీక్ష) ఎంతని అడిగారా?

ఆ మధ్య ఓపీకి ఒక పెద్దాయన వచ్చారు. ఆయన కూడా వీడియో చూసి మందు మానేసినవారే. ఫోన్ నా ముందు పెట్టి 'ఇది చూడండి సార్' అంటున్నారు. నేను ఆయన కాళ్లు చూస్తున్నాను. ఎడమ కాలికి చెప్పు లేదు. వరండాలోనే జారిపోయిందట, ఆయనకు తెలియలేదు. మడమ కింద రూపాయి బిళ్లంత పుండు, నొప్పి లేదు కాబట్టి చూసుకోనేలేదు. రెండు వారాల ముందు వచ్చి ఉంటే డ్రెస్సింగ్‌తో పోయేది. ఆపరేషన్ థియేటర్ దాకా వెళ్లాల్సి వచ్చింది. మీ ఉత్తరంలో తిమ్మిర్లు అన్న మాట చదవగానే ఆ మడమే కళ్ల ముందుకు వచ్చింది. అందుకే కాస్త గట్టిగా మాట్లాడుతున్నాను, ఏమీ అనుకోకండి.

రెండు మూడు రోజుల్లో మీ డాక్టరును కలవండి. ఫాస్టింగ్, తిన్న తర్వాత షుగర్, హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్, బి12, థైరాయిడ్ పరీక్షలు అవసరమవుతాయి. హెచ్‌బీఏ1సీ దాదాపు మూడు నెలల షుగర్ సగటు చూపిస్తుంది, మందు మానేసిన ఈ రెండు నెలలు అందులో కనబడతాయి. రక్తం ఇవ్వకముందే మెడికల్ షాపులో బి12 ఇంజెక్షన్ చేయించుకోవద్దు, అసలు లెక్క తెలియకుండా పోతుంది. ఇది చదివి పాత చీటీ తీసి మాత్రలు మీ అంతట మీరే మొదలుపెట్టడమూ వద్దు. మీది గ్లిమెపిరైడ్ అనే మరో షుగర్ మందు కలిసిన మాత్ర అయితే, కాకర రసం కూడా తాగుతున్నారు కాబట్టి షుగర్ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది. రసం సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పండి, తిట్టినా సరే. వీడియో చూపించాలనిపిస్తే అదీ చూపించండి. విపరీతమైన దాహం, వాంతులు, మగత ఉంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

ఈ రాత్రి పడుకునే ముందు రెండు పాదాలనూ అద్దం పెట్టి, వేళ్ల సందులతో సహా చూసుకోండి. కళ్లు ఆనకపోతే మీ ఆవిడను చూడమనండి. బొబ్బ గానీ, పగులు గానీ, రంగు మారిన చోటు గానీ కనిపిస్తే రేపు ఉదయం షాపు తెరవడానికి ముందే డాక్టరు దగ్గర ఉండండి.