వంటసామాన్ల షోరూంలో ఉద్యోగమా? ముందు మేనేజర్ ఎలాంటివారో కనుక్కో చెల్లీ

ఇంటర్ అయ్యాక ద్వారకానగర్‌లో వంటసామాన్ల చెయిన్ షోరూంలో సేల్స్ ఉద్యోగం వచ్చింది, నెలకు 13 వేలు, చేరొచ్చా అని అడిగావు. అలాంటి చెయిన్‌లోనే, మన వైజాగ్‌లోనే, రెండు బ్రాంచీల్లో కలిపి మూడేళ్లు చేశాను. పేరు చెప్పను. చేరొచ్చు. కానీ జీతం చూసి కాదు, ఆ బ్రాంచి మేనేజర్ ఎలాంటివారో కనుక్కుని చేరు.

నా మొదటి మేనేజర్ ఒక మేడం. ఒకరోజు గాజువాక నుంచి ఒక పెద్దావిడ సంచిలో పాత కుక్కర్ పెట్టుకుని వచ్చింది. "ఏటమ్మా, ఆవిరంతా పక్కల నుంచి పోతంది, విజిలే రావట్లేదు" అంది. నేను ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ చెప్పబోతుంటే మేడం మూత తీసుకుని, గాస్కెట్‌ని వేలితో నొక్కి నాకు చూపించారు. గట్టిపడి బిగుసుకుపోయింది. కొత్త గాస్కెట్ ఒక్కటే ఇచ్చి పంపేశారు. ఆర్నెల్ల తర్వాత ఆవిడే వచ్చి కూతురి సారె సామానంతా మా దగ్గర కొంది. ఆ మేడం దగ్గర నేర్చుకున్నదే ఈరోజుకీ నాకు అన్నం పెడుతోంది.

రెండో బ్రాంచిలో మేనేజర్ ఒక సార్. రోజూ షట్టర్ తీయగానే మీటింగ్. ముందురోజు చిన్న బిల్లులు చేసినవాళ్లని అందరి ముందూ నిలబెట్టి అడిగేవారు. గాస్కెట్ కోసం ఎవరైనా వస్తే స్టాక్ లేదని చెప్పి కొత్త కుక్కర్ చూపించాలి. డిన్నర్ సెట్ల ర్యాక్ వెనక ఒక ప్లాస్టిక్ స్టూల్ ఉండేది. కస్టమర్లు లేనప్పుడు వంతులవారీగా ఐదేసి నిమిషాలు కూర్చునేవాళ్లం. ఆయన వచ్చిన వారంలోనే దాన్ని గోడౌన్‌లో పడేయించారు. పొద్దున్న పది నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే ఉండాలి. శ్రావణమాసం, సంక్రాంతి సీజన్లలో ఇంకా ఆలస్యం. ఇంటికొచ్చి చెప్పులు విప్పితే పాదాలు వాచి, పట్టీ అచ్చు చర్మంలో దిగి కనబడేది. అమ్మ ఉప్పు వేసిన వేణ్ణీళ్లు పెట్టేది.

నాకు ఇప్పటికీ కోపం వచ్చేది మాత్రం డ్యామేజ్ కోతల మీద. ఒక ఆదివారం రద్దీలో ఎవరో పిల్లాడు గాజు గిన్నెల సెట్ లాగేశాడు. 1,840 రూపాయలు. నెలాఖరుకి ఆ ఫ్లోర్‌లో ఉన్న నలుగురికీ తలా 460 కోసేశారు. ఒక్కమాట అడగలేదు. మాతో ఉన్న అమ్మాయి ఆ నెల తమ్ముడి ఫీజు కట్టాలి, ట్రయల్ రూమంత స్టాక్ గదిలో కూర్చుని ఏడ్చింది. ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టానికే జీతం కోయాలి, అదీ సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇచ్చాకే. 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలోనే ఈ రూలు ఉండేది, 2025లో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఉంది. నాకిది మానేశాక తెలిసింది, నువ్వు ముందే తెలుసుకో.

పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) సంగతి కూడా చూడు. నీ జీతం 21 వేల లోపే కాబట్టి ఈఎస్ఐ ఉండాలి, నీ వాటా 0.75 శాతం, వాళ్లది 3.25 శాతం. పీఎఫ్ పే స్లిప్‌లో కోసినట్టు కనబడితే సరిపోదు. నాకు నాలుగు నెలలు కోశారు, ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిస్తే ఒక్క రూపాయి పడలేదు. స్క్రీన్‌షాట్లు తీసి హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి, పీఎఫ్ వాళ్లకి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేస్తానని రాశాను. పదిహేను రోజుల్లో పడింది. నోటితో అడిగినన్నాళ్లూ "చూస్తాంలే" అన్నవాళ్లే.

చేరే ముందు ఒక సాయంత్రం కస్టమర్‌లా ఆ షోరూంకి వెళ్లు. పాత కుక్కర్‌కి గాస్కెట్ కావాలని అడుగు. స్టాఫ్‌కి కూర్చోడానికి ఎక్కడైనా స్టూల్ ఉందా చూడు. రాత్రి షట్టర్ వేసే వేళకి బయట నిలబడి, వచ్చే అమ్మాయిల్లో ఒకరిని పలకరించి, డ్యామేజ్ అయితే ఎవరు కడతారని అడుగు. లోపల చెప్పలేనిది బస్టాప్‌లో చెప్తారు.