పాఠకుల ప్రశ్నలు: పువ్వుల భాష, ఇంటి గుట్టు, దుఃఖం

కుటుంబం దాచిపెట్టిన ఒక విషయం, ఒక మరణం, వాటి మధ్య పువ్వులతో చెప్పిన మాటలు. ఈ మూడింటినీ కలిపి నవల రాస్తున్నవారు, అటువంటి నవలలను ఇష్టపడి చదివేవారు పంపిన ప్రశ్నలలో కొన్నింటికి ఈసారి జవాబులిస్తున్నాము. ఒకే సందేహం పలువురికి కలిగినచోట ప్రశ్నలను కలిపి కుదించాము.

ప్రశ్న: నేను రాస్తున్న నవలలో తల్లి చనిపోయిన తరువాత కూతురికి ఆమె పుస్తకాలలో ఎండిన పువ్వులు దొరుకుతాయి. పువ్వుల అర్థాలు చెప్పే ఒక పాత నిఘంటువు సాయంతో ఆమె వాటిని ఒక్కొక్కటిగా విప్పుకుంటూ పోతుంది. తనకొక అక్క ఉండేదనీ, పసికందుగా ఉన్నప్పుడే ఆమెను దత్తత ఇచ్చేశారనీ చివరకు తెలుసుకుంటుంది. చదివిన స్నేహితులు "పొడుపుకథ విప్పినట్టుంది, మనసుకు తగలలేదు" అన్నారు. లోపం ఎక్కడుంది?

జవాబు: మీరు పంపిన కథాసంగ్రహంలో నిఘంటువు ఒక్కచోట కూడా తప్పు చెప్పదు. కూతురు పువ్వును తీస్తుంది, అర్థం చూస్తుంది, అది అతికినట్టు సరిపోతుంది, తరువాతి పువ్వు దగ్గరకు వెళుతుంది. ఆమె లెక్క తేలుస్తున్నదే గాని తల్లిని తెలుసుకోవడం లేదు. దుఃఖంలో ఉన్న మనిషి పోయినవారి వస్తువులను అంత నిదానంగా, అంత సరిగ్గా చదవగలగడం నమ్మశక్యంగా లేదు.

ముందు మీరు తేల్చుకోవలసింది ఒకటుంది. ఎవరు చదవాలని ఆ తల్లి ఆ పువ్వులను దాచింది? సంకేతమంటే కనీసం ఇద్దరి మధ్య కుదిరిన ఒప్పందం. తన కోసమే దాచుకుని ఉంటే ఆమెకు నిఘంటువుతో పనే లేదు, ఏ పువ్వు ఏ రోజుదో ఆమెకు తెలుసు. దూరమైన పెద్ద బిడ్డ కోసమే అయితే ఆ అర్థాలను ఆ బిడ్డకు నేర్పిందెవరు? చిన్న కూతురి కోసమే అయితే, బతికుండగా నోటితో చెప్పకుండా ఆమెను ఆపిందేమిటి? వీటిలో ఒక్కొక్క జవాబుకు ఒక్కొక్క నవల పుడుతుంది. మీ చిత్తుప్రతి మూడింటినీ కలిపేసింది, అందుకే తల్లి ఎవరితోనూ మాట్లాడుతున్నట్టు అనిపించడం లేదు.

షేక్‌స్పియర్ 'హ్యామ్లెట్' నాలుగో అంకంలో ఒఫీలియా పువ్వులు పంచే ఘట్టాన్ని మరొకసారి చదవండి. ఆమె తండ్రి పొలోనియస్ హతుడయ్యాడు, రాజు అతన్ని గుట్టుచప్పుడు కాకుండా పాతిపెట్టించాడు, ఆమెకు మతి చలించింది. రోజ్‌మేరీ జ్ఞాపకానికనీ, పాన్సీలు తలపులకనీ చెప్పిన ఆమె, సోపు, కొలంబైన్, డెయిజీల దగ్గరకు వచ్చేసరికి పేర్లతోనే సరిపెడుతుంది. వయొలెట్లు కూడా ఇద్దామనుకున్నాననీ, తండ్రి చనిపోయినప్పుడు అవన్నీ వాడిపోయాయనీ అంటుంది. ఏ పువ్వు ఎవరి చేతికిచ్చిందో తొలి ముద్రణలలో రాసి లేదు. సోపు రాజుకు ఇవ్వాలా రాణికి ఇవ్వాలా అనే నిర్ణయం ఈనాటికీ పరిష్కర్తలకూ దర్శకులకూ మిగిలే ఉంది. అర్థాలు సగమే తెలిసినా ఆ ఘట్టం మనల్ని కలచివేస్తుంది. ఇవ్వడానికి దొరకని ఆ వయొలెట్ల దగ్గరే గొంతు పట్టేస్తుంది.

మీ కథలో కూడా నిఘంటువును ఒక్కసారైనా తప్పుదారి పట్టనివ్వండి. ఉదాహరణకు, కేట్ గ్రీన్‌అవే బొమ్మలతో 1884లో వెలువడిన ప్రసిద్ధ ఆంగ్ల పువ్వుల నిఘంటువులో లావెండర్‌కు అపనమ్మకమని అర్థం ఉంది. తల్లి పుస్తకంలో లావెండర్ రెమ్మను చూసిన కూతురు, అమ్మ నాన్నను నమ్మలేదని తీర్మానించుకుంటుంది. తానూ తండ్రితో మాట్లాడడం తగ్గిస్తుంది. సగం నవల గడిచాక, బిడ్డను అప్పగించిన ఇంటి వాకిలి పొడుగునా లావెండర్ పొదలు ఉండేవని పిన్ని ఏదో సందర్భంలో అంటుంది. అప్పుడు రహస్యం బయటపడడమే కాక, ఇన్నాళ్లూ తండ్రిని అనవసరంగా దూరం పెట్టానన్న బాధ కూడా ఆమెకు మిగులుతుంది. పంపినవారి అర్థానికీ చదివినవారి అర్థానికీ మధ్య ఉన్న ఆ ఎడంలోనే మీ నవల అంతా ఉంది.

ప్రశ్న: ఇంటి గుట్టు, దుఃఖం, ఒక మొక్క, ఈ మూడూ కలిసిన పాత కథ ఏదైనా ఉంటే చెప్పండి.

జవాబు: పద్నాలుగో శతాబ్దిలో ఇటలీ రచయిత బొకాచ్చో రాసిన 'డెకామెరాన్' అనే, పది రోజులపాటు చెప్పుకున్న కథల సంపుటిలో నాలుగో రోజు అయిదో కథ. మెస్సీనా నగరంలో ముగ్గురు అన్నదమ్ములు తమ చెల్లెలు ప్రేమించిన లొరెంజోను రహస్యంగా చంపి పాతిపెట్టి, వ్యాపారం పని మీద పంపామని చెబుతారు. అతడు కలలో కనిపించి తనను పాతిన చోటు చెబుతాడు. ఆమె తవ్వి, తల మాత్రం తెచ్చుకుని, కుండీలో పెట్టి, పైన తులసి జాతికి చెందిన బేసిల్ మొక్క నాటి, కన్నీటితో పెంచుతుంది. అన్నదమ్ములు కుండీని ఎత్తుకుపోయి, లోపల ఉన్నదేమిటో చూసి, భయపడి ఊరు విడిచిపోతారు. ఆమె కుండీ కోసం ఏడ్చి ఏడ్చి చనిపోతుంది. ఈ కథను ఆంగ్ల కవి కీట్స్ 1818లో కావ్యంగా రాశాడు, అది 1820లో అచ్చయింది. ఆయన కథాస్థలాన్ని ఫ్లారెన్సుకు మార్చి, అన్నదమ్ములను ఇద్దరికి తగ్గించాడు.

హత్య సంగతి పాఠకుడికి మొదటి నుంచీ తెలుసునన్నది గమనించండి. ఉత్కంఠ కోసం బొకాచ్చో దేన్నీ దాచలేదు. అన్నదమ్ముల రహస్యం చెల్లెలికి తెలిసిపోయింది, చెల్లెలి రహస్యం అన్నదమ్ములకు తెలియదు, ఇద్దరూ ఒకే ఇంట్లో తిరుగుతున్నారు. ఇక బేసిల్‌కు గ్రీన్‌అవే నిఘంటువు ఇచ్చిన అర్థం ద్వేషం. దాన్ని పట్టుకుని ఈ కథ చదివితే ఏమీ దక్కదు.

ప్రశ్న: విక్టోరియా కాలంలో ప్రేమికులు నిజంగానే పువ్వులతో రహస్యంగా సంభాషించేవారా?

జవాబు: నిఘంటువులు విరివిగా అమ్ముడుపోయాయన్నది నిజం. జనం వాటిని ముందు పెట్టుకుని ఉత్తరాలకు బదులు గుత్తులు పంపుకున్నారనడానికి మాత్రం ఆధారాలు చాలా తక్కువ. ఈ విషయాన్ని లోతుగా పరిశీలించి 1995లో పుస్తకం వెలువరించిన బెవర్లీ సీటన్ అభిప్రాయం కూడా ఇదే. అవి ఎక్కువగా కానుకలుగా ఇచ్చిపుచ్చుకున్న అందమైన పుస్తకాలు.

ఈ ఊహకు ప్రేరణ మాత్రం తూర్పు నుంచి వచ్చింది. కాన్‌స్టాంటినోపుల్‌లో బ్రిటిష్ రాయబారి భార్యగా ఉన్న లేడీ మేరీ వర్ట్లీ మాంటేగ్యూ, అక్కడ వస్తువులతో సందేశం పంపే పద్ధతి ఉందని 1718లో ఒక లేఖలో రాసింది. ఆమె చనిపోయిన మరుసటి ఏడాది, 1763లో, ఆ లేఖలు అచ్చయ్యాయి. ఆమె చెప్పిన పొట్లంలో పువ్వులతో పాటు ముత్యం, లవంగం, బొగ్గు, సబ్బు వంటివీ ఉన్నాయి. వస్తువు పేరుకు ప్రాస కలిసే కవితా పాదమే సందేశం, అంటే దానికి పువ్వు స్వభావంతో సంబంధమే లేదు. ఐరోపా ఆ ప్రాసలను వదిలేసి పువ్వులను మాత్రం ఉంచుకుంది. 1819లో పారిస్‌లో షార్లట్ ద లాతూర్ పేరుతో వెలువడిన పుస్తకం ఈ వేలంవెర్రిని స్థిరపరిచింది. ఆ పేరు మారుపేరని కూడా చెప్పుకోవాలి. పువ్వుల వెనుక మాటలు దాచడం నేర్పిన రచయిత్రి తన పేరునే దాచుకుంది. నవల రాసేవారికి ఇంతకన్నా మంచి పాత్ర దొరుకుతుందా!

కథాకాలం విక్టోరియా యుగమే అయినా సరే, ఊరంతా ఈ భాష మాట్లాడుతున్నట్టు రాయకండి. ఇంట్లో ఇద్దరు అక్కచెల్లెళ్లు ఆటగా మొదలుపెట్టి, ఒకరు పోయాక మరొకరు మానలేకపోయారంటే నమ్ముతాము.

ప్రశ్న: ఒక్కో నిఘంటువు ఒక్కో అర్థం చెబుతోంది. బంతిపువ్వుకు ఒకచోట దుఃఖం, మరొకచోట అసూయ అని ఉంది. దేన్ని నమ్మాలి?

జవాబు: ఇందులో కొంత గందరగోళం పేర్లది. ఆంగ్లంలో మారిగోల్డ్ అంటే ఒకప్పుడు ముఖ్యంగా క్యాలెండులా అనే మరో పువ్వు. మనం బంతి అనేది అమెరికా ఖండాల నుంచి వచ్చిన వేరే ప్రజాతి. గ్రీన్‌అవే నిఘంటువులో మారిగోల్డ్‌కు దుఃఖమనీ, ఫ్రెంచ్ మారిగోల్డ్‌కు అసూయ అనీ, ఆఫ్రికన్ మారిగోల్డ్‌కు నీచమైన మనసులనీ రాసి ఉంది. చివరి రెండూ మన బంతి రకాలే. దుఃఖం చెప్పాలని తెలియక ఆఫ్రికన్ రకం పంపినవాడి గతి ఊహించుకోండి.

ఒకే నిఘంటువును ఎంచుకుని, అది కథలో ఎవరిదో, ఏ పేజీ చిరిగి ఉందో నిర్ణయించుకోండి. అక్కాచెల్లెళ్ల దగ్గర వేర్వేరు ముద్రణలు ఉన్నాయనుకుంటే ఇంకా మంచిది. ఒక విన్నపం మాత్రం ఉంది. ప్రతి అధ్యాయానికీ ఒక పువ్వు పేరు పెట్టి, కింద అర్థం అచ్చువేసే పద్ధతి మానండి. అధ్యాయంలో ఏం జరగబోతోందో పాఠకుడికి ముందే చెప్పేసినట్టవుతుంది.

ప్రశ్న: తిరస్కారం, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం అనే అయిదు దశల ప్రకారం కథానాయిక దుఃఖాన్ని రాశాను. అయినా అది కృత్రిమంగా ఉందంటున్నారు. ఎందుకు?

జవాబు: మనోవైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ ఆ అయిదు దశలను 1969లో ప్రతిపాదించింది ప్రాణాంతక వ్యాధితో ఉన్న రోగులతో జరిపిన సంభాషణల ఆధారంగా. అయినవారిని పోగొట్టుకున్నవారికి వాటిని తరువాత అన్వయించారు. అందరూ వాటిని వరుసగా దాటి ఒడ్డు చేరతారనేది ప్రచారంలో పడిన సరళీకరణ. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో చెప్పిన నమూనా కథకులకు ఎక్కువ ఉపయోగపడుతుంది. దాని ప్రకారం, దుఃఖిస్తున్న మనిషి ఒకసారి పోయినవారి వైపు, ఒకసారి మిగిలిన బతుకు పనుల వైపు ఊగిసలాడుతూ ఉంటాడు. ఉదయం బ్యాంకు కాగితాల మీద నిబ్బరంగా సంతకాలు చేసిన మనిషి మధ్యాహ్నం ఒక జోళ్ల జత చూసి కుప్పకూలవచ్చు, సాయంత్రం నవ్వనూ వచ్చు.

రహస్యాల నవలకు ఇంతకన్నా ముఖ్యమైన భావన మరొకటి ఉంది. బయటి ప్రపంచం గుర్తించని, బహిరంగంగా ఏడవడానికి హక్కు లేని దుఃఖం గురించి కెన్నెత్ డోకా 1989లో రాశాడు. బిడ్డను దత్తత ఇచ్చి ఆ మాట ఎవరికీ చెప్పలేకపోయిన తల్లి, చాటుగా ప్రేమించిన మనిషి చనిపోతే అంత్యక్రియలకు వెళ్లలేని స్త్రీ, ఇంట్లో పేరెత్తకూడని కొడుకు కోసం కుమిలే తండ్రి ఇటువంటివారే. పరామర్శకు ఎవరూ రారు, సెలవు దొరకదు, ఏడిస్తే కారణం చెప్పాలి. అటువంటి మనిషి పువ్వును పుస్తకంలో దాచిందంటే అలంకారంగా అనిపించదు, ఆమెకు దొరికిన చోటు అదొక్కటే. మొదటి ప్రశ్న పంపిన రచయిత్రి కూడా దీన్ని గమనించాలి. ఆమె నవలలో అసలు దుఃఖితురాలు తల్లి. కూతురి ఏడుపు మాత్రమే కనిపిస్తోంది.

ప్రశ్న: పుస్తకంలో నొక్కి ఎండబెట్టిన పువ్వు నలభై ఏళ్ల తరువాత ఎలా ఉంటుంది? రంగు చెక్కుచెదరలేదని రాయవచ్చా?

జవాబు: పూర్తిగా చెక్కుచెదరలేదని రాయకండి. పసుపు పచ్చని పువ్వులు చాలావరకు రంగు నిలుపుకుంటాయి. ఎరుపు నల్లబడుతుంది, నీలం వెలిసిపోతుంది లేదా గోధుమరంగుకు తిరుగుతుంది, తెలుపు పసుపుబారుతుంది. వెలుతురు సోకితే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. సరిగ్గా ఆరకుండా మూసిపెడితే బూజు పడుతుంది. రేకులు పొడిపొడిగా ఉంటాయి కనుక కథానాయిక వాటిని గుండెలకు హత్తుకునే సన్నివేశం ఉంటే తీసేయండి, చేతిలో పిండి మిగులుతుంది. చాలాకాలం ఉన్న పువ్వు కాగితం మీద తన ఆకారంలో మరక వదులుతుంది. పువ్వును ఎవరో తీసేసినా ఆ మరక పోదు. రహస్యం రాసేవారికి ఇది పనికొస్తుంది.

వృక్షశాస్త్రజ్ఞులు తమ నమూనాలకు పేరు, సేకరించిన చోటు, తేదీ, సేకరించినవారి పేరు రాసి పెడతారు. ఇవి లేని నమూనాకు శాస్త్రంలో విలువ బాగా తగ్గిపోతుంది. కవయిత్రి ఎమిలీ డికిన్సన్ బాలికగా ఉన్నప్పుడు కూర్చిన పువ్వుల సంపుటి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని హౌటన్ గ్రంథాలయంలో ఉంది. అందులో 424 నమూనాలున్నాయి, చాలావాటి కింద ఆమె చేతిరాతతో చీటీలున్నాయి. మీ పాత్ర చీటీ రాసే అలవాటున్న మనిషై, ఒక్క పువ్వు కింద మాత్రం ఏమీ రాయకపోతే పాఠకుడు ఆగి చూస్తాడు.

ప్రశ్న: రహస్యాన్ని ఎక్కడ విప్పాలి? చివరి అధ్యాయంలో ఒక ఉత్తరంతో విప్పితే బాగుంటుందా?

జవాబు: ఉత్తరం వద్దు. చనిపోయినవారు నవల చివర అన్నీ వివరించి పెట్టిన ఉత్తరాలు ఇప్పటికే చాలా చదివాము. మూడింట రెండు వంతులకు ముందే విప్పండి. తెలిసిన తరువాత ఆ ఇంట్లోవాళ్లు ఒకరి ఎదుట ఒకరు ఎలా కూర్చుంటారో రాయడానికి పేజీలు మిగలాలి.

ప్రశ్న: నా కథలో ఒక అజ్ఞాత వ్యక్తి స్నోడ్రాప్, డాలియా కలిపిన గుత్తిని సమాధి మీద ఉంచుతాడు. ఇది కుదురుతుందా?

జవాబు: తోటలో కోసిన తాజా పువ్వులైతే కుదరదు. ఉత్తర దేశాలలో స్నోడ్రాప్ చలికాలం చివర పూస్తుంది, డాలియా వేసవిలో మొదలై మంచు పడేవరకు పూస్తుంది. స్నోడ్రాప్‌ను ఎండబెట్టి దాచి, డాలియా కాలం వచ్చాక తెచ్చాడంటే కుదురుతుంది. అయితే అతడు కొన్ని నెలల ముందే ఆ పువ్వు కోసి పెట్టుకున్నాడన్నమాట. మరణం ఆ తరువాత జరిగి ఉంటే, అతడు దాన్ని మొదట ఎవరి కోసం కోశాడో మీరు చెప్పవలసి ఉంటుంది.