గుద్దిన కారు బాగుచేయించిన డబ్బులు నన్ను కట్టమంటున్నారు

ప్రశ్న: కొన్ని నెలల కిందట సింగరాయకొండ దగ్గర హైవే మీద ముందున్న కారు ఉన్నట్టుండి బ్రేకు వేస్తే నా కారు వెనకనుంచి గుద్దుకుంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఎవరి బండి వాళ్లం చేయించుకుందామని నోటిమాటగా అనుకున్నాం. ఇప్పుడు వాళ్ల బీమా కంపెనీ తరఫున లాయరు నోటీసు వచ్చింది. రిపేరుకు తాము చెల్లించిన 68,400 రూపాయలు నేను 15 రోజుల్లో కట్టాలట. నాకూ ప్యాకేజీ పాలసీ (సొంత కారు నష్టానికీ, ఎదుటివారి నష్టానికీ వర్తించేది) ఉంది. ఏం చేయాలి? - ఒక పాఠకుడు, కావలి

జవాబు: డబ్బు కట్టకండి, నోటీసును పక్కనా పడేయకండి. ఆ కారు యజమానికి నష్టం చెల్లించిన కంపెనీకి, ఆయన మీనుంచి రాబట్టుకోగలిగే హక్కు దక్కుతుంది. దీన్నే సబ్రోగేషన్ అంటారు. కానీ ఆయనకు లేని హక్కు కంపెనీకీ ఉండదు, తాను చెల్లించినదానికి మించి అడగడానికీ వీల్లేదు.

మొదట నోటీసు, కవరు జిరాక్సు తీసి మీ బీమా కంపెనీకి రాతపూర్వకంగా పంపండి, అందినట్టు రసీదు తీసుకోండి. వచ్చిన ప్రతి ఉత్తరం, సమన్లు వెంటనే తమకు పంపాలని, తమ అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం గానీ డబ్బిస్తాననడం గానీ చేయకూడదని పాలసీ షరతుల్లోనే ఉంటుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. లాయరు ఫోన్ చేస్తే భయపడి 'వాయిదాల్లో కడతా'నని వాట్సాప్ పెడతారు. ఆ ఒక్క మెసేజ్ చూపించి సొంత కంపెనీ చేతులెత్తేయగలదు.

తర్వాత పాలసీలో ప్రీమియం వివరాలున్న పేజీ తీసి టీపీపీడీ (థర్డ్ పార్టీ ప్రాపర్టీ డ్యామేజి) అన్న వరస చూడండి. ఎదుటివారి ఆస్తి నష్టానికి మామూలుగా కార్లకు 7.5 లక్షల దాకా కవరు ఉంటుంది. వంద రూపాయలు తగ్గుతుందని దాన్ని 6,000కు కుదించి ఉంటే మిగతాది మీ మీదే పడుతుంది. వంద కోసం అంత కవరు వదులుకోవడం మా దృష్టిలో తెలివితక్కువ బేరం. నో క్లెయిం బోనస్ (క్లెయిం చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుందన్న భయం వద్దు, అది ఓన్ డ్యామేజి, అంటే సొంత కారు నష్టం క్లెయింకే వర్తిస్తుంది.

నోటీసు ఇచ్చినవారిని సర్వే రిపోర్టు, గ్యారేజీ బిల్లు, ఫొటోలు, సబ్రోగేషన్ లెటరు, చెల్లింపు రుజువు అడగండి. బిల్లు వరసవరసగా చదవండి. వెనక గుద్దితే ముందు హెడ్‌లైటు ఎందుకొచ్చింది? మామూలు పాలసీలో ప్లాస్టిక్ బంపరుకు సగం తరుగు తీసేస్తారు, అంటే 9,000 బంపరుకు కంపెనీ ఇచ్చేది 4,500. వాళ్ల పాలసీలో జీరో డిప్రిసియేషన్ (తరుగు తీయని అదనపు కవరు) ఉంటే తప్ప మొత్తం అడగలేరు.

తప్పెవరిదన్నదీ తేలాలి. 2017 డ్రైవింగు నిబంధనల ప్రకారం వెనకవాళ్లు దూరం పాటించాలి, కాబట్టి భారం ఎక్కువగా మీ మీదే ఉంటుంది. అవసరం లేకుండా సడన్ బ్రేకు వేయకూడదన్నదీ అందులోనే ఉంది. డ్యాష్‌క్యామ్ వీడియో, 'ఎవరిది వాళ్లదే' అన్న వాట్సాప్ ఏదైనా ఉంటే భద్రపరచండి. ఉత్త నోటిమాటను నిరూపించడం కష్టం.

సివిల్ కోర్టు సమన్లు వస్తే 30 రోజుల్లో జవాబు వేయాలి, అదే రోజు మీ కంపెనీకి తెలపండి. కంపెనీ నెల దాటినా పలకకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారికి) ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ రుసుము లేదు, లాయరూ అక్కర్లేదు.