హెచ్-4 పిల్లల కాలేజీ దరఖాస్తు: ర్యాంకుల కంటే ముందు తేల్చుకోవాల్సినవి

అమెరికా వచ్చిన కొత్తలో పిల్లలు పదకొండో తరగతికి చేరగానే ఇంట్లో కాలేజీ ర్యాంకుల జాబితా తెరుచుకుంటుంది. దాన్ని కాసేపు పక్కన పెట్టండి. మీ అమ్మాయో అబ్బాయో హెచ్-4 (హెచ్-1బీ వంటి ఉద్యోగ వీసా మీద వచ్చినవాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంటే ముందు వీసా సంగతి తేలాలి. ఫీజు, సాయం అన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

హెచ్-4 పిల్లలకు పెల్ గ్రాంటు (తిరిగి కట్టక్కర్లేని ప్రభుత్వ సాయం), ఫెడరల్ లోను (కేంద్ర ప్రభుత్వమిచ్చే అప్పు), వర్క్ స్టడీ (ప్రభుత్వ సాయంతో చదువుతూ చేసే పని) ఏవీ రావు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకైతే ఫాఫ్సా (ఫెడరల్ సాయానికి పెట్టే దరఖాస్తు) దారి తెరిచే ఉంటుంది. హెచ్-4 మీద క్యాంపస్‌లో కూడా జీతానికి పని చేయకూడదు. ఇక్కడే హైస్కూల్ చదివినా, సాయం దగ్గరికొచ్చేసరికి చాలా ప్రైవేటు కాలేజీలు వీళ్లను అంతర్జాతీయ విద్యార్థుల కిందే చూస్తాయి.

అసలు చిక్కు 21 ఏళ్లు నిండి హెచ్-4 అర్హత పోయేటప్పుడు వస్తుంది. అది సాధారణంగా కాలేజీ మూడో ఏడో, నాలుగో ఏడో అవుతుంది. అప్పటికి గ్రీన్ కార్డు రాకపోతే చాలామంది విద్యార్థి వీసా అయిన ఎఫ్-1కి మారాల్సి వస్తుంది. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ యూనివర్సిటీలు హెచ్-4 వాళ్లకు ఇన్-స్టేట్ ఫీజు (ఆ రాష్ట్రంవాళ్లకుండే తక్కువ ఫీజు) ఇస్తాయి. ఎఫ్-1కి మారాక అదే ఫీజు ఉంటుందా అంటే రాష్ట్రానికో రూలు. "హెచ్-4 మీద చేరి, మధ్యలో ఎఫ్-1కి మారితే ఇన్-స్టేట్ ఫీజు కొనసాగుతుందా?" అని యూనివర్సిటీలో రెసిడెన్సీ (ఎవరు ఆ రాష్ట్రవాసులో తేల్చే) వ్యవహారాలు చూసే ఆఫీసుకే ఈమెయిల్ పెట్టండి. జవాబు దాచుకోండి. ఫోన్లో విన్న మాట తర్వాత పనికిరాదు.

దాదాపు ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ (సాయం పోగా చేతి నుంచి ఎంత కట్టాలో అంచనా వేసే లెక్క) ఉంటుంది. అయితే అందులో వచ్చే అంకెను హెచ్-4 కుటుంబాలు ఉన్నదున్నట్టు నమ్మకూడదు. చాలావరకు అది ఫెడరల్ సాయం వచ్చేవాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసిన లెక్క. దానికంటే కాలేజీ పేరుతో 'కామన్ డేటా సెట్' (ప్రవేశాలు, సాయం వివరాలు కాలేజీయే ఒకే నమూనాలో ఇచ్చే పత్రం) వెతకండి. సీ7 పట్టికలో మార్కులకు, వ్యాసానికి, యాక్టివిటీలకు (క్లాసు బయట చేసే పనులకు) ఎంత ప్రాధాన్యమిస్తారో ఉంటుంది. హెచ్6లో విదేశీ విద్యార్థులకు సాయం ఇస్తున్నారో లేదో చెబుతారు.

కంప్యూటర్ సైన్స్ కావాలనుకుంటే ఇంకో మాట. "ముందు ఏదో ఒక మేజర్‌లో (ప్రధాన సబ్జెక్టులో) చేరి తర్వాత మారదాం" అనే ఆలోచన చాలా పెద్ద యూనివర్సిటీల్లో చెల్లదు. మారడానికి సీట్లు కొన్నే ఉంటాయి, ఒక్కోచోట అసలుండవు. మేజర్ మార్పు నిబంధనలు చదివాకే ఆ కాలేజీని జాబితాలో ఉంచండి.

తొమ్మిది, పది ఇండియాలో చదివి వచ్చిన పిల్లలకు ఆ మార్కుల షీట్లు కూడా కావాలి. వాటిని మీరే జీపీఏ (అమెరికా గ్రేడ్ల సగటు)లోకి మార్చకండి. ఉన్న మార్కులు ఉన్నట్టే ఇవ్వండి. పాత స్కూల్ నుంచి స్టాంపు వేసిన కాపీలు తెప్పించడానికి టైం పడుతుంది కాబట్టి పదకొండో తరగతి వేసవిలోనే మొదలుపెట్టండి.

కామన్ యాప్ (చాలా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు పెట్టే వెబ్‌సైట్) ఏటా ఆగస్టు 1న కొత్త ఏడాదికి తెరుచుకుంటుంది. వ్యాసం 650 పదాలు మించకూడదు. యాక్టివిటీలు 10 దాకా, ఒక్కోదాని వివరణకు 150 అక్షరాలే. ఖాళీలూ ఆ లెక్కలోకే వస్తాయి. మన పిల్లలు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. "తెలుగు బడిలో వాలంటీర్‌గా సేవ చేశాను" అంటే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. "ఆదివారాలు 12 మంది పిల్లలకు గుణింతాలు నేర్పాను, ఆటకార్డులు తయారుచేశాను" అంటే పని కళ్లకు కడుతుంది. ఇంట్లో తమ్ముణ్ణో చెల్లినో చూసుకోవడం, అమ్మమ్మకు డాక్టర్ దగ్గర మాట అనువదించడం కూడా యాక్టివిటీలే. నిస్సంకోచంగా రాయమనండి.

కాలిఫోర్నియా యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌ల తీరు వేరు. వాళ్ల దరఖాస్తు వేరే. 8 ప్రశ్నల్లో 4 ఎంచుకుని ఒక్కోదానికి 350 పదాల్లోపు జవాబు రాయాలి. ప్రవేశానికి ఎస్ఏటీ పరీక్ష స్కోరు చూడరు.

ఎర్లీ డెసిషన్ (మామూలు గడువుకు ముందే పెట్టే, కట్టుబడాల్సిన దరఖాస్తు) పెట్టే ముందు ఆగి ఆలోచించండి. సీటొస్తే చేరి తీరతామని విద్యార్థి, తల్లిదండ్రులు, స్కూల్ కౌన్సిలర్ సంతకాలు చేస్తారు. ఆ తర్వాత నాలుగు కాలేజీల సాయం పక్కపక్కన పెట్టి పోల్చుకునే వీలుండదు. సాయం మీద ఆధారపడే హెచ్-4 కుటుంబానికి ఎర్లీ యాక్షనే మేలు. జవాబు త్వరగా వస్తుంది, కట్టుబడాల్సిన పని లేదు, నిర్ణయానికి మామూలుగా మే 1 దాకా గడువుంటుంది.

సిఫారసు లేఖలు పదకొండో తరగతి చివర్లోనే అడగాలి. సెప్టెంబరు వచ్చేసరికి అందరూ ఆ టీచర్ల వెంటే పడతారు. అడిగేటప్పుడు ఆ క్లాసులో చేసిన ఒక ప్రాజెక్టు, ఎక్కడ తడబడి ఎలా సర్దుకున్నదీ ఒక పేజీలో రాసిస్తే టీచరుకు రాయడానికి ఏదో ఒకటి చేతిలో ఉంటుంది.