చెట్టుకు పళ్ళు

చిరంజీవి అమ్మాయికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను, రెండోసారి కోపంతో. మెక్సికో అజ్టెక్‌ల ఊళ్ళ పేర్లను బొమ్మలతో రాసిన మెండోజా చిత్రగ్రంథంలో క్వౌతిత్లాన్ అనే ఊరి గుర్తులో చెట్టు మానుకు పళ్ళు గీసి ఉంటే, 'ఆకలిగొన్న అడవి నోరు తెరిచింది' అని రాశావే! అక్కడ ఆకలి లేదమ్మా, వ్యాకరణం ఉంది. అజ్టెక్‌ల నావాత్ల్ భాషలో పన్నును 'త్లాంత్లి' అంటారు. ఊరి పేరు చివరి 'త్లాన్'కు అర్థం 'దగ్గర'. దగ్గర అనే మాటకు బొమ్మ ఎక్కడ దొరుకుతుంది? అదే ధ్వని ఉన్న పళ్ళను తెచ్చి చెట్టుకు తగిలించాడు లేఖకుడు. చెట్ల దగ్గరి ఊరు! తెలుగుదానివి, నీకు ఇది నేను చెప్పాలా? మన పన్ను నోట్లోనూ ఉంటుంది, ఖజానాలోనూ పడుతుంది. నువ్వు చూసిన ఆ పుటలూ పన్నుల చిట్టాయే. ఏ ఊళ్ళు అజ్టెక్ పాలకులకు ఏమేమి చెల్లించాలో అందులో ఉంది.

క్వౌనావాక్ అనే ఊరిదీ అదే కథ. అక్కడ చెట్టు నోటి నుంచి మాట చుట్టలా బయటికి వస్తుంది. 'నావాక్' అంటే పక్కన. స్పష్టమైన పలుకును 'నావాత్ల్' అంటారు కనుక చెట్టు చేత మాట్లాడించారు. స్పెయిన్ వాళ్ళు ఆ పేరును క్వెర్నవాకా చేశారు. వాళ్ళ భాషలో అది ఆవు కొమ్ములా వినిపిస్తుంది. చెవి లేనివాళ్ళ చేతిలో పడితే ఊరికి పట్టే గతి ఇదే. అందుకే నా పాత మాట మళ్ళీ చెబుతున్నాను: బొమ్మను చూసి మురిసిపోకు, పైకి చదువు.

నా తొలి వ్యాసం చపుల్తెపెక్ గుర్తు మీద. చపులిన్ అంటే మిడత, తెపెత్ల్ అంటే కొండ. ఒక వారపత్రిక సంపాదకుడు మిడతను కొట్టేసి 'సుందరమైన కొండ' అని దిద్దాడు. మిడత పోయాక ఇక అది ఏ ఊరు? ముప్పై ఏళ్ళయినా ఆ సంచిక మా అటక మీదే ఉంది. పారేయడానికి మనసొప్పదు, తెరవడానికీ ఒప్పదు. ఈ మధ్య ఇంకో జాడ్యం వచ్చింది, ప్రతి రాయీ 'మౌనంగా రోదిస్తుంది'. నీ మూడో పేజీలోనూ రోదించింది.

కొల్వాకాన్ కొండ కొన వంకరను పేరులోని 'కొల్'తో కలిపి పట్టుకున్నావు. అది బాగుంది. కానీ కొండ గుర్తు అడుగున ఉండే ఎరుపు, పసుపు పట్టీలను వదిలేశావు. ఈసారి వాటిని చూసి రాయి.

పుస్తకం ఎవరు వేస్తారని అడిగావు. ముందు పళ్ళ సంగతి తేల్చు.

ఆశీస్సులతో,
మాస్టారు